లేజర్ తగలని చోట

వసీలా మహ్జూబీ మూడో అంతస్తులో క్లినిక్‌కి చేరేసరికి నూమన్ జ్లాసీ అప్పటికే అక్కడ ఉన్నాడు. ఉండటమే కాదు, డాక్టరుగారి కుర్చీలో కూర్చుని డాక్టరుగారి కాఫీ తాగుతున్నాడు. ఆ కుర్చీ అసలు యజమాని, చర్మవ్యాధుల డాక్టరు అనీస్ బిల్‌ఖోజా, సొంత గదిలో పరాయివాడిలా కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు.

చూడగానే వసీలాకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇద్దరూ తునిస్ పోలీసు ఇన్‌స్పెక్టర్లే. ఆమెది ప్రాణహాని కేసులు చూసే విభాగం, అతనిది దొంగమందుల విభాగం. ఒకే ఫిర్యాదు ఇద్దరి బల్లల మీదా పడింది. ముందు ఎవరు తేలిస్తే పేరు వాళ్లది. వసీలాకి యాభై దాటాయి, పేరు మీద మోజు ఎప్పుడో తీరింది. నూమన్‌కి ఇంకా తీరలేదు.

"ఆలస్యమైంది, లెల్లా వసీలా," అన్నాడతను కప్పు దించకుండానే. లెల్లా అంటే అమ్మగారూ అని గౌరవం. నూమన్ నోట మాత్రం అది ఎప్పుడూ ముసలమ్మా అన్నట్టే వినిపిస్తుంది. "మధ్యాహ్నం నమాజు వేళకి ప్రాసిక్యూటరు సంతకం వచ్చేస్తుంది. ఈయన్ని తీసుకుపోతాను. మీరు ఇంటికెళ్లి మనవల్ని ఆడించుకోండి."

"మనవలు బళ్లో ఉన్నారు. అందుకే నిన్ను ఆడిద్దామని వచ్చాను," అంటూ వసీలా చేతిసంచి బల్ల మీద పడేసింది.

పైకి చూస్తే చిన్న కేసే. కానీ ఒక ప్రాణం దాని మీద వేలాడుతోంది. బార్దోలో కళ్లజోళ్ల దుకాణం నడిపే కైస్ అనే అతను ఈ ఫిర్యాదు ఇచ్చాడు. అతని తల్లి మన్నూబియాకి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. రోజుకొక మాత్రతో గడ్డ సగానికి సగం కరిగింది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. అంతలో వారం కిందట తీసిన స్కానులో గడ్డ మళ్లీ పెరుగుతూ కనిపించింది. క్యాన్సర్ డాక్టరు కైస్‌ని పక్కకి తీసుకెళ్లి, మందు ఒంట్లో పడుతుంటే ఇంత తొందరగా ఇలా కాకూడదే అన్నాడు. ఎక్కడో ఏదో తేడా జరుగుతోంది, ఇంకో నెల ఇలాగే గడిస్తే నా చేతుల్లో ఏమీ ఉండదని కూడా అన్నాడు. కైస్ అక్కణ్ణుంచి నేరుగా పోలీసు స్టేషనుకి పరిగెత్తాడు. మా అమ్మకి ఎవరో దొంగమందు అంటగడుతున్నారని అతని అనుమానం.

ఆ మాత్రకి ఒక చెడ్డ గుణం ఉంది. అది వేసుకున్నవాళ్లకి ముఖం, ఛాతీ, వీపు నిండా మొటిమల్లాంటి ఎర్రటి పొక్కులు లేస్తాయి. దురద, మంట, నలుగురిలోకి రావాలంటే సిగ్గు. అవి భరించలేక మందే మానేసేవాళ్లున్నారు. డాక్టర్ అనీస్ ఆ పొక్కుల్ని లేజర్ వెలుగుతో చల్లార్చడంలో పేరు తెచ్చుకున్నాడు. మన్నూబియా ముఖాన్నీ ఆయనే బాగుచేశాడు. అరవై రెండేళ్ల ఆవిడ ముఖం ఇప్పుడు కడిగిన పింగాణీ పళ్లెంలా ఉందని బార్దో ఆడవాళ్లంతా చెప్పుకుంటున్నారు.

మరి దొంగమందు సంగతి? నూమన్ ఆ ఇంటి నుంచి మాత్రలు కొన్ని పట్టుకెళ్లి పరీక్ష చేయించాడు. అన్నీ అసలైనవే. మాత్ర అసలైనది, గడ్డ పెరుగుతోంది, పొక్కులు మాయమయ్యాయి. ఈ మూడూ ఒకచోట పొసగవు. నూమన్ మాత్రం పొసగించేశాడు.

"ఈయన పెద్ద సదస్సులో మాట్లాడబోతున్నాడు," అన్నాడు డాక్టరు వైపు గడ్డం చూపిస్తూ. "గోడంత పోస్టరు వేయించాడు. దాని మీద మన్నూబియా ముఖమే. లేజర్‌తో పొక్కులు తగ్గకపోతే పరువు పోతుంది కదా. మాత్రలు మానెయ్యమని చాటుగా ఆవిడ చెవిలో ఊదాడు. మాత్ర మానితే పొక్కులు వాటంతటవే పోతాయి. ఘనత లేజర్‌ది. గడ్డ పెరిగితే పెరిగింది, అది ఈయన పోస్టరు మీద కనిపించదు కదా."

డాక్టరు అల్లాసాక్షిగా తానలా చెప్పలేదన్నాడు. మందు ఒక్క పూట కూడా మానొద్దని ప్రతిసారీ ఆవిడకి చెప్పి పంపానన్నాడు. ఆయన గొంతు వణికింది. భయంతో వణికే గొంతునీ తప్పు చేసి వణికే గొంతునీ వసీలా ముప్ఫై ఏళ్లుగా వింటోంది. ఇందులో రెండూ ఉన్నాయనిపించింది. అదే ఆమెని గుచ్చింది.

లేజర్ గది చూపించమంది. నూమన్ విసుక్కుంటూనే వెంట వచ్చాడు.

పెద్ద గదేమీ కాదు. కాగితం దుప్పటి పరిచిన మంచం, దాని పక్కన మనిషెత్తు యంత్రం, యంత్రం నుంచి ఏనుగు తొండంలా వేలాడే గొట్టం. గోడకి కొక్కేల మీద నల్లటి కళ్లజోళ్లు. వసీలా మంచం మీద కూర్చుని, ఇప్పుడు నేనే మీ రోగిని, మొదటి నుంచి చివరి దాకా ఏం చేస్తారో చెప్పండని అడిగింది. పని గురించి అడిగేసరికి ఆయన గొంతు నిలకడ పట్టింది. ముందు పక్కగదిలో నీలం గుడ్డ ముందు ఫొటో తీస్తాం, తర్వాత కళ్లకి అద్దాలు పెడతాం, చల్లగాలి ఊదుతూ ఒక్కో చోట వెలుగు కొడతాం, మళ్లీ మూడు వారాలకి రమ్మంటాం అన్నాడు. ముఖమంతా కొడతారా అని వసీలా అడిగింది.

"ఎడమ చెవి కింద బొటనవేలంత చోటు వదిలేస్తాను," అన్నాడు డాక్టరు. "ప్రతి రోగికీ అంతే. అక్కడ వెలుగు పడదు. లేజర్ కొట్టిన చోటుకీ కొట్టని చోటుకీ తేడా తెలియాలి కదా. లేకపోతే తగ్గింది నా వల్లో, దానంతటదో ఎవరు చెప్పగలరు?"

"మరి మన్నూబియాకి వదిలిన చోటు చూపించండి."

డాక్టరు నీళ్లు నమిలాడు. కంప్యూటరు పక్కగదిలో ఉందన్నాడు, రోగులు ఎదురుచూస్తున్నారన్నాడు. వసీలా అప్పటికే పక్కగది తలుపు తోసేసింది.

తెరమీద మన్నూబియా ముఖం ఒక ఫొటో తర్వాత ఒకటి వచ్చింది. మొదటిదాంట్లో బుగ్గలు, నుదురు, ముక్కు అంతా మండే ఎరుపు, చెవి కిందా అదే ఎరుపు. రెండోదాంట్లో బుగ్గలు కొంచెం చల్లారాయి, చెవి కింద మాత్రం పొక్కులు అలాగే ఉన్నాయి. ఇంతవరకూ లేజర్ తన పని తాను నిజాయితీగానే చేసింది. మూడో ఫొటో రాగానే వసీలా కుర్చీలో ముందుకి జరిగింది. బుగ్గలు నున్నగా ఉన్నాయి. చెవి కింద, లేజర్ ఒక్కసారి కూడా తగలని చోట, అంతే నున్నగా ఉంది.

"ఇది మీరు చూశారు," అంది వసీలా.

డాక్టరు తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. తర్వాత చూశానన్నాడు. లేజర్ ప్రభావం పక్కకి కూడా పాకుతుందేమోనని తనకి తానే సర్దిచెప్పుకున్నాడట. పోస్టరు కోసం ఆ మూల కనిపించకుండా ఫొటో కత్తిరించాడట. "నా వల్లే తగ్గిందని నమ్మాలనిపించింది," అని తల దించుకున్నాడు.

నూమన్ ముఖం చాటంత అయింది. "ఒప్పేసుకున్నాడుగా. ఇంకా సంతకమెందుకు?"

"పప్పులో కాలేశావు, నూమన్. మాత్ర మాన్పించి లేజర్‌కి పేరు కొట్టేద్దామనుకునేవాడు, తన గుట్టు బయటపెట్టే ఆ బొటనవేలంత చోటు ఎందుకు వదులుతాడు? దాని మీద కూడా నాలుగు వెలుగులు కొట్టేస్తే ఇవాళ నువ్వూ నేనూ ఇక్కడ ఉండేవాళ్లమే కాదు. ఈయన పొగరుబోతు, ఫొటో కత్తిరించిన తప్పుకి ఈయన పని తర్వాత చూద్దాం. కానీ మాత్ర మాన్పించింది ఈయన కాదు."

"అయితే ఎవరు?"

ఆమెకి తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. మాత్రలు అసలైనవి, అయినా అవి ఆ మనిషి గొంతు దిగడం లేదు. దిగకుండా గడిచే ఒక్కో రోజూ ఆ గడ్డకి మేత. ఆ ఆలోచన వచ్చేసరికి వసీలాకి కూర్చోబుద్ధి కాలేదు.

అదృష్టమో దురదృష్టమో, ఆ పూట మన్నూబియాకి లేజర్ వంతు ఉంది. కోడలితో కలిసి బయట కూర్చుని ఉంది. వసీలా ఆవిడని పిలుచుకురావడానికి వెళ్తుంటే, వాళ్లతో వచ్చిన కైస్ నడవలోనే ఆమెని ఆపాడు. సన్నగా, నిద్రలేని కళ్లతో ఉన్నాడు. మీరేం అడిగినా అడగండి, ఒక్క మాట మాత్రం ఎత్తొద్దని చేతులు పట్టుకున్నంత పనిచేశాడు. అమ్మకి తన జబ్బేమిటో తెలియదు. ఛాతీలో ఎలర్జీ అని చెప్పారు. మాత్రల అసలు డబ్బా ఆమె కంట పడకుండా దుకాణంలోనే పారేసి, మాత్రల్ని విటమిన్ సీసాలో పోసి ఇస్తున్నాడు. పొక్కులు ఎలర్జీ పొక్కులన్నారు. ఇందులో వసీలాకి వింతేమీ కనిపించలేదు. ఆ ఊళ్లో ఆ జబ్బు పేరు ఎవరూ ఎత్తరు, ఆ జబ్బు అంటారు, అదీ గొంతు తగ్గించి. ఆమె సొంత మేనత్త కూడా ఆ పేరు చెవిన పడకుండానే పోయింది. ఎత్తనులే అని మాటిచ్చింది.

మన్నూబియా నలభై ఏళ్లు పెళ్లిబట్టలు కుట్టిన మనిషి. మనిషిని చూస్తూనే కొలతలు తీసుకునే చూపు ఆవిడది. నీలం గుడ్డ ముందు స్టూలు మీద కూర్చుని వసీలాని కిందికీ పైకీ చూసి, కోటు భుజం దగ్గర వదులైందని చెప్పి, అప్పుడు అడిగింది.

"ఏం తల్లీ, ఈమధ్య మొటిమల్ని కూడా పోలీసులే పట్టుకుంటున్నారా?"

"మొటిమలు ఇచ్చిన సాక్ష్యం బాగుంటే పట్టుకుంటాం," అంది వసీలా, నవ్వొచ్చినా ఆపుకుని. ఈ క్లినిక్‌లో వైద్యం సరిగ్గా ఉందో లేదో చూస్తున్నామని చెప్పి, నూమన్‌నీ డాక్టరునీ బయటికి పంపి తలుపేసి, ఒకసారి వీపు చూపించమంది.

ఆవిడ గొణుక్కుంటూ గుండీలు విప్పింది. మూడు నెలల కిందట ఆ వీపు మీద పొక్కులు ఎంతగా ఉండేవంటే తల్లి వెల్లకిలా పడుకోలేక కుర్చీలో నిద్రపోయేదని కైస్ చెప్పాడు. ఇప్పుడు అక్కడ మాసిన గోధుమరంగు మచ్చలు తప్ప ఏమీ లేవు. వీపు మీద లేజర్ ఎప్పుడూ పడలేదు. చెవి కింద చోటు చెప్పిందే వీపంతా చెబుతోంది.

డాక్టరు ఏదైనా మానమన్నాడా అని వసీలా అడిగింది. మానమనడం కూడానా, నా విటమిన్లు వేసుకోమని చెవిలో జోరీగలా పోరుతుంటాడు అంది మన్నూబియా. వేసుకుంటున్నారా అని అడిగితే, నెలాఖరుకి సీసా ఖాళీ అవుతుంది, కావాలంటే మా వాణ్ణడుగు అంది. ఆ జవాబు వసీలా చెవికి తేడాగా తగిలింది. వేసుకుంటున్నావా అంటే వేసుకుంటున్నాననాలి. సీసా ఎందుకు మధ్యలోకి వచ్చింది? పైకి మాత్రం మామూలుగా, మాత్ర పెద్దదిగా ఉంటుందా, గొంతులో అడ్డం పడుతుందా అని వేరే దారిలో అడిగింది.

"అడ్డమేం పడదు. చేదే ఎక్కువ. తేనె రెండు చెంచాలు వేస్తే గానీ దాని చేదు విరగదు."

వసీలా తలుపు తీసి బయట నిలబడ్డ డాక్టరుని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ఆ మాత్ర చేదుగా ఉంటుందా? ఉండదన్నాడాయన. పైన నున్నటి పొర ఉంటుంది, నాలుక మీద పెట్టుకున్నా రుచి తెలియదు. చేదు తెలియాలంటే దాన్ని దంచాలి.

మాత్రని దంచి తేనె కలుపుతోంది ఈవిడ. ఎవరికి?

వసీలా వెనక్కి తిరిగేలోపు నర్సు హడావిడిగా వచ్చి, లేజర్ గదిలో రెండో ఆమెని పడుకోబెట్టాను, రండి డాక్టరుగారూ అంది. రెండో ఆమె ఎవరని వసీలా అడిగింది. వీళ్ల కోడలే, డోర్రా, అయిదో నెల గర్భిణి, కడుపుతో ఉన్నప్పుడు కొందరికి వచ్చే మొటిమలే ఆమెకీ వచ్చాయి, ఇవాళే మొదటిసారి అని నర్సు చెప్పింది. స్టూలు మీద కూర్చున్న మన్నూబియా ఆ మాట విని నిట్టూర్చింది.

"దిష్టి, తల్లీ. ఇంకేముంది. నా మొహం మీదివి నన్నొదిలి ఆ పిల్ల మొహానికి పట్టుకున్నాయి. నాది బాగుపడ్డం మొదలైనప్పటి నుంచీ దానిది పాడవుతూ వచ్చింది."

వసీలా ఒక్క అంగలో నడవ దాటి లేజర్ గది తలుపు తోసింది. వెనకే డాక్టరు, ఆయన వెనక నూమన్, ఏమైందో తెలియకపోయినా పరిగెత్తుకొచ్చిన కైస్.

డోర్రా మంచం మీద పడుకుని ఉంది. కళ్లకి నల్లద్దాలు. బుగ్గల మీద, గడ్డం మీద, మెడ దాకా ఎర్రటి పొక్కులు. సిగ్గుతో రుమాలు మొహం మీదకి లాక్కోబోయింది. వసీలా ఆ చెయ్యి మృదువుగా పట్టుకుంది, పట్టుకుని ఆగిపోయింది. గోళ్ల చుట్టూ చర్మం వాచి ఎర్రగా ఉంది. అద్దాలు తీయించింది. ఆ అమ్మాయి కనురెప్పల వెంట్రుకలు ఎంత పొడుగ్గా పెరిగాయంటే మెలితిరిగి కనుబొమ్మలకి తగులుతున్నాయి.

"డాక్టరుగారూ, కళ్లు తెరిచి చూడండి. ఇవి మొటిమలేనా?"

అనీస్ దీపం దగ్గరికి లాగి వంగి చూశాడు. మామూలు మొటిమల మధ్య నల్లటి మొనలు ఉంటాయి, ఇక్కడ ఒక్కటీ లేదు. గోళ్లు చూశాడు. రెప్పలు చూశాడు. "అదే," అన్నాడు. "అదే మాత్ర. ఈ అమ్మాయి చాలా వారాలుగా తింటోంది."

"దొరికింది దొంగ," అంటూ నూమన్ ముందుకి వచ్చాడు. అత్తగారి మందు కాజేసి తినడానికి నీకేం పోయేకాలం అని గద్దించాడు. డోర్రా తెల్లమొహం వేసింది. కైస్ భార్యకి అడ్డంగా నిలబడి, నూమన్ చొక్కా పట్టుకున్నాడు. వసీలా ఇద్దరి మధ్యకీ భుజం దూర్చి విడదీసింది.

"క్యాన్సర్ మందు దొంగతనంగా తినే గర్భిణిని నీ సర్వీసులో ఎప్పుడైనా చూశావా, నూమన్? కాస్త పక్కకి నిలబడు. నీకు తెలిసిందల్లా అరెస్టు చెయ్యడం. ఇప్పుడిక్కడ అది కాదు కావలసింది." ఆ తర్వాత డోర్రా వైపు తిరిగి, పొద్దున లేవగానే ఏం తింటావమ్మా అని నెమ్మదిగా అడిగింది.

డోర్రా చెప్పింది. బ్సీసా తింటుంది. వేయించిన గోధుమ, శనగల పిండిలో ఆలివ్ నూనె, తేనె వేసి అత్తయ్య తన చేత్తో కలిపి పెడుతుంది. కడుపుతో ఉన్నవాళ్లకి బలమని రోజూ దగ్గర కూర్చుని గిన్నె ఖాళీ అయ్యేదాకా కదలదు. ఈమధ్య కొంచెం చేదుగా ఉంటోంది, అయినా ఆవిడ నొచ్చుకుంటుందని మారుమాట్లాడకుండా తినేస్తోంది. విరేచనాలు పట్టుకుంటే కడుపుతో ఉన్నప్పుడు మామూలేలే అన్నారు.

కైస్ మంచం పక్కన నేల మీద కూర్చుని డోర్రా చెయ్యి పట్టుకున్నాడు. వసీలా అతని ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది. నీకు మాటిచ్చాను, ఇప్పుడు ఆ మాట తప్పుతున్నాను అని చెప్పింది. కైస్ వద్దని తల అడ్డంగా ఊపాడు. ఆ జబ్బు పేరు వింటే అమ్మ బతకదన్నాడు. ఆ మాత్రలు బలం మందు అనుకున్నంతకాలం ఆమె వాటిని పిల్లకే పెడుతుంది, ఈ సీసా లాక్కుంటే ఇంకో సీసా సంపాదించి మరీ పెడుతుంది అని వసీలా అంది. "నువ్వు ఆమెకి తెలియకుండా జబ్బుని దాచావు, కైస్. దాంతో ఆమెకి అందకుండా మందుని కూడా దాచేశావు."

తలుపు దగ్గర చప్పుడైంది. గుండీలు సగం పెట్టుకుని మన్నూబియా నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో, ఎంత విందో ఎవరికీ తెలియదు. ఆవిడ చూపు కోడలి పొట్ట మీద ఉంది.

"బలానికి కాదా అవి?" అని అడిగింది.

వసీలా లేచి నిలబడింది. ఎన్నో ఇళ్ల తలుపులు తట్టి చావు కబుర్లు చెప్పింది గానీ ఇంత కష్టం ఎప్పుడూ అనిపించలేదు. అవి బలానికి కావని చెప్పింది. ఆవిడ ఛాతీలో ఉన్నది ఎలర్జీ కాదని, క్యాన్సరని, ఆ మాత్రలే దాన్ని అదుపులో పెట్టాయని, ఇప్పుడు పెట్టడం లేదని, కడుపులో బిడ్డకి అవి ప్రమాదమని, ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పింది. మన్నూబియా అన్నీ విన్నది. కళ్లల్లో చెమ్మ కూడా రాలేదు.

"వాడు వాటిని బంగారంలా దాచి తెచ్చేవాడు," అంది చివరికి. "పరాయిదేశం బలం మందు అనుకున్నాను. నా వయసుకి బలమెందుకు, ఆ పిల్ల పాలిపోయి ఉంది, దానికి కావాలి అనుకున్నాను. దంచి కలిపింది నేనే. ఎవర్నీ అనకండి."

వసీలా ఆవిడ సంచిలోంచి విటమిన్ సీసా తీసింది. ఒక మాత్ర అరచేతిలో వేసి ఇప్పుడే, నా ఎదుటే మింగమంది. మన్నూబియా మాత్ర అందుకుని గుప్పిట మూసేసింది.

"కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం నా చెవులతో వినాలి. విన్నాక మింగుతాను. లేకపోతే నాకు ఇది ఎందుకు?"

డాక్టరు బతిమాలాడు. కైస్ కాళ్లు పట్టుకున్నాడు. పెళ్లిబట్టల బేరంలో ఏనాడూ తగ్గని మనిషి అప్పుడు తగ్గుతుందా? వసీలాకి ఒక్క క్షణం కూడా మీనమేషాలు లెక్కపెట్టే తీరిక లేదు. పై అంతస్తులో స్త్రీల డాక్టరు ఉన్నారా అని అడిగింది. ఉన్నారు. లిఫ్టు కింద ఎక్కడో ఉంది. నూమన్ జ్లాసీ, ఎవరూ అడగకుండానే, కుర్చీ ఒకటి లాక్కొచ్చి డోర్రాని కూర్చోబెట్టి ఒక పక్క పట్టుకున్నాడు, రెండో పక్క కైస్ పట్టుకున్నాడు. మెట్ల మీద అందరికంటే ముందు నూమనే అరుచుకుంటూ జనాన్ని పక్కకి తప్పించాడు. అతని జేబులో ఫోను మోగుతూనే ఉంది. ప్రాసిక్యూటరు ఆఫీసు అయివుంటుంది. తీయలేదు.

పైన డాక్టరమ్మ లోపల ఉన్న రోగిని లేపి డోర్రాని పడుకోబెట్టింది. పొట్ట మీద జిగురు పూసి యంత్రం ఆనించింది. ఒకచోట పెట్టింది, తీసింది, మరోచోట పెట్టింది. స్పీకరులోంచి గరగర తప్ప ఏమీ రావడం లేదు. పొద్దున్నుంచి బిడ్డ కదిలిందా అని అడిగితే డోర్రా తెలియదని ఏడ్చింది. మన్నూబియా మంచం పక్కన గుప్పిట బిగించి నిలబడింది. డాక్టరమ్మ డోర్రాని పక్కకి తిరగమని ఇంకాస్త కిందికి నొక్కింది.

అప్పుడు వచ్చింది. పరిగెత్తుతున్నట్టు, తొందరపడుతున్నట్టు, గది నిండా.

డోర్రా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నూమన్ గోడ వైపు తిరిగి ముక్కు చీదాడు. గుండె బాగానే ఉంది, కానీ బిడ్డ చుట్టూ నీరు తక్కువగా ఉంది, ఈ అమ్మాయి ఇప్పుడే ఆసుపత్రిలో చేరాలి, బిడ్డకి ఏమైనా తేడా జరిగిందా అన్నది ముందు ముందు పరీక్షల్లో గానీ తేలదు అని డాక్టరమ్మ చెప్పింది. వసీలా అప్పటికే అంబులెన్సుకి ఫోను చేస్తోంది.

మన్నూబియా చాలాసేపు ఆ చప్పుడు వింది. యంత్రం ఆపేశాక కూడా విన్నట్టే నిలబడింది. తర్వాత గుప్పిట తెరిచింది. చెమటకి మాత్ర మెత్తబడి అరచేతికి అంటుకుంది. నూమన్ మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చాడు. ఆవిడ అందరూ చూస్తుండగా మాత్ర మింగి, నోరు తెరిచి వసీలాకి చూపించింది.

కైస్ తల్లి దగ్గరికి రాబోయి, రాలేక, రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. ఆవిడే చెయ్యి చాచి అతని చొక్కా కాలరు సరిచేసింది.

"రేపటి నుంచి నా మందు దాని డబ్బాలోనే తే," అంది. "పేరు నేను చదువుకుని మరీ మింగుతాను."